గడియ

టైమ్‌టేబుల్లో శుక్రవారం ఆఖరి గడి
ఎవరికీ అక్కర్లేని గడి.
లెక్కల ఆవిడ వద్దంది, తెలుగాయనకి ఆన్‌లైన్ హాజర్ల పని,
హెడ్మాస్టారు నా వైపు చూసి
"విలువల విద్య, తొమ్మిది బి, మీరే" అన్నారు.
మెడలో విజిలున్నవాడికి
పాఠం చెప్పడం ఏపాటి, అని కాబోలు.

మాది మొగల్తూరు అవతల, ఉప్పుగాలి బడి.
కిటికీ ఊచలు ఏడాదికోసారి పొట్టు రాలుస్తాయి.
గోడకి అటు రొయ్యల చెరువు,
రోజంతా ఏరేటర్లు నీళ్లని చరుస్తూనే ఉంటాయి.
ఏం చెప్పినా ఆ చప్పుడు దాటి చెప్పాలి.

మొదటి వారం బోర్డు మీద "పౌరుడు" అని రాసి
కింద గీత గీసి
తర్వాతేం చెయ్యాలో తెలీక
హక్కులన్నీ చదివించాను, అటెన్షన్‌లో నిలబెట్టి.

రెండో వారం స్టాఫ్‌రూం బీరువాలోంచి జీవశాస్త్రం తెస్తే
కౌమారం పాఠం తెరుచుకోలేదు.
నాలుగు పేజీలు కలిపి ఎవరో స్టాప్లర్ కొట్టేశారు.
పిన్నులు తుప్పు పట్టాయి.
ఎన్ని బ్యాచీలు ఆ పాఠాన్ని
గోడ దూకినట్టు దూకెళ్లాయో.

గోటితో ఊడదీశాను. వేలు చీరుకుంది.
వెనక బెంచీలో ఏడుకొండలు కిసుక్కుమన్నాడు.
చదువుతుంటే నా చెవులే వేడెక్కాయి,
పెళ్లయి ఇరవై రెండేళ్లయినా.
ఆడపిల్లలు డెస్కు చెక్క మీద చెక్కిన పేర్లు చదువుకున్నారు.
ఆఖర్న అడిగాను, ఏమన్నా సందేహాలా అని.

చాలాసేపు ఏరేటర్లే మాట్లాడాయి.

అప్పుడు సువార్త లేచింది. లెగమన్నా లెగని పిల్ల.
"హక్కులు బానే ఉన్నాయండి మేస్టారూ,
మా బాత్రూం తలుపుకి గడియ లేదండి."

నవ్వారు. నవ్వు సగంలో ఆగింది,
వీరవేణి కూడా లేచింది మరి, దాని వెనక గంగాభవాని.
"ఒకళ్లు ఎల్తే ఒకళ్లు తలుపట్టుకోవాలండి."
"తోడు దొరక్కపోతే ఎల్లమండి."
"అందుకే పొద్దుట్నించీ నీళ్లు తాగమండి,
ఇంటి గంట కొట్టేదాకా."

నాకు ఆగస్టు పదిహేను గుర్తొచ్చింది.
ఒకటి కాదు, పదిహేడు ఆగస్టులు.
ఏటా జెండా పైకెళ్లే వేళకి
ఎవరో ఒక పిల్ల వరసలోంచి వాలిపోయేది.
మొహాన నీళ్లు చల్లి, నీడకి మోయించి
తిట్టేవాణ్ణి:
"టిఫిన్ తిని రమ్మంటే వినరు కదా!"
పదిహేడేళ్లు. మైకులో.

విజిల్ తీసి జేబులో పెట్టుకున్నాను.

మూడో శుక్రవారం అర్జీ రాశాం.
"గౌరవనీయులైన" దగ్గరే పావుగంట.
లైనా, లయినా అని ఒక తగువు.
ఎవరికి రాయాలన్నది ఇంకో తగువు:
సర్పంచి ఆవిడ, సంతకం ఆవిడది,
అరుగు మీద కూర్చుని మాట్లాడేది ఆవిడ మొగుడు.
"కుర్చీ ఎవరిదైతే వాళ్లకే కదండీ" అంది సువార్త.
ఆవిడ పేరే రాశాం.

దావీదు నాన్న చెరువుల షెడ్లకి వెల్డింగు చేస్తాడు.
సోమవారం కుర్రాడు గడియ పట్టుకొచ్చాడు,
చొక్కా లోపల దాచి, దొంగసొత్తులా.
"ఇంక అర్జీ దేనికిరా?" అన్నాను.
కుడికాలేదో ఎడంకాలేదో తెలీనివాణ్ణి
డ్రిల్లులో నేను చూసే చూపు ఉంటుందే,
అలా చూశారు అందరూ నన్ను.

గడియ బిగించారు. కొట్టుకెళ్లి బిల్లు రాయించారు.
మేకులతో కలిపి నూట పది.
అర్జీ కింద ఇంకో వాక్యం పడింది:
"సదరు సొమ్ము దావీదుకు ఇప్పించ ప్రార్థన."
ముప్పై ఒక్క సంతకాలు.
బిల్లు జత చెయ్యడానికి స్టాప్లర్ అడిగారు.
ఇచ్చాను.

మధ్యాహ్నం గ్రౌండులో లైన్లు దిద్దుతుంటే
అటు నుంచి టక్కున చప్పుడొస్తుంది,
మళ్లీ కాసేపటికి టక్కు.
నేను అటు తిరగను.

జవాబు ఇంకా రాలేదు. నూట పదీ రాలేదు.
శుక్రవారం శుక్రవారం "వచ్చిందాండీ?" అంటారు.
లేదంటాను.
నోటుబుక్కులో తేదీ వేసుకుంటారు.

ఈ ఆగస్టులోనూ ఒకళ్లు పడిపోయారు.
ఏడుకొండలు.
టిఫిన్ తినలేదట.