ఈనెలో తడి

రిజిస్టరులో ఆ పేరుకి ఎదురుగా
మూడుసార్లు నా చేతిరాతే:
రాలేదు. రాలేదు. ఫోను ఎత్తలేదు.
ఆ పక్కన 'కారణం' అని ఒక గడి,
నా బొటనవేలంత.

అందుకని నెల్లూరులో తెల్లారుజాము రైలెక్కి
సింగరాయకొండలో దిగి, ఆటోలో కొండపి దాటి
పాలెం చేరేసరికి పది.
దారి పొడుగునా మాటలు కూడబెట్టుకున్నాను:
నెత్తుట్లో దాక్కుంటుందమ్మా, మళ్లీ లేస్తుందమ్మా,
రెండున్నరేళ్లమ్మా, మధ్యలో మానకూడదమ్మా.

వాకిట్లో తొక్కుడుబిళ్ల ఆడుతోంది షారోను,
ఒంటికాలి మీద.
అప్పుడు నూగు దోసపిందెలా ఉన్న తల
ఇప్పుడు రెండు బుల్లి పిలకలు, ఎర్ర రిబ్బన్లు.
నన్ను చూడగానే కాలు దించేసింది.
రెండు చేతులూ వీపు వెనక దాచుకుంది.
సూదిని వెంటబెట్టుకొచ్చే ముఖం నాది.

రూతమ్మ పీట వేసింది, మజ్జిగ ఇచ్చింది.
తిడుతుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను.
"బాగానే ఉంది గదమ్మా" అంది.
"అన్నం తింటంది, బడికి పోతంది.
ఎగిరే పిల్లని తీసకపోయి
మంచాన పడేయించుకు రమ్మంటారు మళ్లా."

బియ్యం సంచిలో చుట్టిన ఫైలు తీసింది.
వెనకట్ట మీద పెన్సిలు లెక్క:
రైలు, ఆటో, ఇడ్లీ, గది, ఇడ్లీ, ఆటో,
పొట్టేలు అమ్మింది తొమ్మిదివేలు.
ఒకచోట అంకె లేదు,
కమ్మలు అని మాత్రం ఉంది.
"మందుకి కార్డుంది, కాదన్ను.
ఆస్పత్రి గేటు బయట మేం తినేదానికి,
ఆయన పోగొట్టుకున్న కూలికి
ఏ కార్డు చూపించేది?"

తర్వాత గొంతు తగ్గించింది.
"ఇయ్యన్నీ కాదమ్మా.
నాలుగు నెలలు దీని మంచం కాడ ఉండి ఇంటికొస్తే
చిన్నోడు ముసలామె కొంగు చాటున నిలబడి
నన్ను అత్తా అన్నాడు."

గడి గుర్తొచ్చింది నాకు, బొటనవేలంత గడి.

ఏసోబు వీధి చివర బ్యారన్ కాడ ఉన్నాడు.
మూడు రాత్రులు మంటని చూసిన కళ్లు,
ఎర్రగా, ఎవర్నీ చూడనట్టు.
"ఆకు లోపల ఉండంగా యాడికి వచ్చేది తల్లీ?
ఒక్క జాము కునుకు తీస్తే
రైతు ఏడాదంతా బూడిదే.
రేపటేడు నన్నెవురు పిలుస్తారు పనికి?"

నేను కూడబెట్టుకున్న మాటలు
ఆ సెగకి అంచులు ముడుచుకున్నాయి.
ఏం అడగాలో తోచక అడిగాను:
ఆకు పసుపెక్కింది గదా,
ఇంక చాల్లెమ్మని ఇప్పుడే ఆపేస్తే?
తెలిసే అడిగానా, ఇప్పటికీ చెప్పలేను.

నవ్వాడు, పట్నం మనిషి ప్రశ్నకి.
"రంగు చూసి ఆపకూడదమ్మా.
పైకి బంగారంలా ఉంటది,
ఈనెలో తడి ఉండిపోద్ది.
మండె వేసినాక లోలోపలే బూజు లేసి..."

ఆగిపోయాడు.
చేతిలో తుమ్మ మొద్దు అట్టాగే ఉంది.
వీధి అవతల
బిళ్ల నేలకి తగిలిన చప్పుడు.
మళ్లీ ఒంటికాలి గెంతు.
ఇద్దరం విన్నాం.

మొద్దుని పొయ్యిలోకి తోశాడు, నా వైపు తిరగకుండా.
"ఈ కొట్టం దిగేది గురువారం" అన్నాడు.
వస్తానని అనలేదు.
రానని అనలేదు.
నేనూ రెట్టించలేదు; ఆ మంట ముందు
వాచీ చూసుకోవడమే తప్పనిపించింది.

తిరుగు రైల్లో నిలబడే వచ్చాను.
కారణం గడి ఖాళీగానే ఉంది.
దాన్లో చిన్నోడి పిలుపు పట్టదు,
కమ్మలు పట్టవు,
పిల్ల బాగుండటమే కారణమని రాస్తే
మా డాక్టరుగారు కళ్లద్దాలు తీసి నన్ను చూస్తారు.
సోమవారం రావలసినవాళ్ల వరసలో మాత్రం
షారోను అని రాశాను,
పెన్సిలుతో.

రెండు ఉతుకులైనా చీరకి
పచ్చి ఆకు వాసన పోలేదు.
ఇవాళ శుక్రవారం.