డబ్ల్యూ ఎందుకుంది

న్యూలిన్ రేవులో చేపల వేలం ముగిసే వేళకి
బడిలో గంట కొడతారు.
అత్తరు పూసుకున్నంత ధీమాగా నీచువాసన పూసుకొచ్చి
చివరి బల్ల మీద కూలబడతాడు జోరీ.
వాడి నోటుపుస్తకంలో రెండు అనే ఇంగ్లీషు మాట
ఈ నెలలో నాలుగు రకాలుగా పుట్టింది.
టీ ఓ.
టీ ఓ ఓ.
టీ యూ.
ఒకసారి టీ డబ్ల్యూ దాకా వచ్చి
జంకి ఆగిపోయింది.

గట్టిగా పలికి చూడరా అనేవారు పాత మాస్టారు.
పలికాడు. ఎంత పలికినా
'టూ'లోంచి డబ్ల్యూ బయటపడలేదు.
విన్నది రాస్తే తప్పు,
రాయాల్సింది వినపడదు.
పలికిందే రాసుకునే లిపి మనది,
ఈ బాధ మనకి ఎవరింటి గొడవో అనిపిస్తుంది.

కొత్తగా వచ్చిన లవ్‌డే నాన్‌కారో టీచర్
పదిసార్లు రాయమనలేదు.
ఆ మూడక్షరాలూ బోర్డు మీద వేసి
"దీని చుట్టాలెవరో వెతకండి" అంది.
సుద్దముక్క పక్కన పెట్టి చేతులు కట్టుకుంది.

కాసేపు గదంతా పోటుకీ పాటుకీ మధ్య నీరు.

కెరెన్సా ఇంట్లో కవల తమ్ముళ్ళు,
అందుకని ముందు తనే: "ట్విన్!"
రెండుసార్లంటే ట్వైస్, ఇంకెవరో.
పదిపోగా రెండు మిగిలితే ట్వెల్వ్,
రెండు పదులు ట్వెంటీ,
ఇద్దరి నడుమ ఉండేది బిట్వీన్.
ప్రతి మాటకీ పెదవులు సున్నా చుట్టి విడుతున్నాయి.
ఇక్కడ నోరు మూసుకున్న డబ్ల్యూ
చుట్టాలిళ్ళలో గలగలా మాట్లాడుతోంది.

"ట్వీట్" అన్నాడు పిరాన్.
టీచర్ నవ్వలేదు.
"ముఖం కలిసింది. మరి అర్థం?
పిట్ట కూతలో రెండు ఎక్కడుంది?"
"రెండుసార్లు కూస్తే?"
అప్పుడు నవ్వింది.
ఆ మాటని బోర్డు అంచున విడిగా కూర్చోబెట్టింది.
పోలిక ఉన్నంతలో చుట్టరికం కాదు.
"డబ్ల్యూ అంటేనే రెండు యూలు కదా!" కెరెన్సా అరిచింది.
"అది కాకతాళీయం. అయినా నాకూ నచ్చింది."

జోరీ ఇంతసేపూ
చొక్కా గుండీకి చిక్కిన దారప్పీచు లాగుతున్నాడు.
"ట్వైన్" అన్నాడు, ఎవరికో కాదన్నట్టు.
"మా తాత వలకి వాడేది.
రెండు పోగులు పురిపెడితే అది.
ఒక్కటైతే పెద్ద చేప తెంపుకుపోతుంది."

టీచర్ సుద్దముక్క వాడికే ఇచ్చింది.

సాయంత్రం వలల కొట్టులో
జోరీ చేపపెట్టె మూత మీద మూడక్షరాలూ గీశాడు.
"తాతా, ఇందులో డబ్ల్యూ ఎందుకుందో తెలుసా?"
"తెలిస్తే బెత్తం ఎందుకు తింటానురా?"
ముసలాయన అరచెయ్యి చూపించాడు,
ఉప్పుకి పగిలిన గీతల్లో
ఏది బెత్తానిదో ఏది తాడుదో పోల్చలేం.
లెక్క రాయాల్సినప్పుడల్లా ఆయన నిలువు గీతలే గీస్తాడు,
రెండంటే రెండు గీతలు,
అక్షరాల జోలికి పోడు.

జోరీ కండెలోంచి జానెడు దారం కోసి
కొసని వేళ్ళ మధ్య వెనక్కి నులిమాడు.
సంధి విడదీసినట్టు పురి విడింది.
రెండు పోగులు.
"ఇదుగో, ఇందుకు."

తాత ఆ దారాన్ని కిటికీ వెలుగులో పెట్టి చూశాడు,
అరవై ఏళ్ళుగా చేతిలో ఉన్నదాన్ని
ఇవాళే కొనుక్కొచ్చినట్టు.
"ఎవడూ చెప్పలేదే" అన్నాడు.
కోపమో ఏమో, ముక్కు గట్టిగా చీదాడు.

చాలాసేపటికి మళ్ళీ తనే:
"పొద్దున మేం వల దించేటప్పుడు
చీకటి పూర్తిగా పోదు, వెలుగు పూర్తిగా రాదు.
దాన్ని ట్వైలైట్ అంటాం.
అదీ వీళ్ళ మనిషేనా?"

మన సంధ్యలో సంధి ఉన్న సంగతి
ఆ ఇద్దరికీ ఎవరు చెబుతారు.
జోరీ తల గోక్కున్నాడు.
"తెలీదు. రేపు టీచర్ని అడుగుతా."

"అడిగి రా" అన్నాడు తాత,
సూదిలోకి దారం ఎక్కిస్తూ.
"వేలం అయ్యాక కూడా రేవులోనే ఉంటాను."