రెండు మీటర్లు

మొదటి వారం కెమెరాలో రీలు వేయనివ్వలేదు ఓతార్.
"ముందు కాళ్లకి నేర్పు" అన్నాడు.
ఉత్త డబ్బాని మెళ్లో వేసుకుని
త్బిలిసీ స్టేషను పక్క బజారులో
ఎవరి సొమ్మో ఎత్తుకొచ్చినదానిలా తిరిగాను.

రెండో వారం సుద్దముక్క ఇచ్చాడు.
వంటింటి గచ్చు మీద రెండు మీటర్లు గీయించి
ఫోకస్ అక్కడే కట్టేసి, ఎపర్చర్ ఎనిమిది మీద పెట్టి,
"ఇక లెన్సు ముట్టుకోకు. నువ్వే జరుగు."
కుర్చీకి రెండు మీటర్లు. కెటిల్‌కి రెండు మీటర్లు.
స్నానం చేసొచ్చిన మా గేలాకి రెండు మీటర్లు.
"ఏమిటే ఆ చూపు, అప్పులవాళ్లలా" అన్నాడు.

కొలత వంటబట్టింది.
భయం మాత్రం ఐదు మీటర్ల దగ్గరే మొరాయించేది.
రీలు కడిగి చూస్తే
అన్నీ వీపులు. వీపులు, గొడుగులు, ఒక కుక్క.
ఓతార్ కుక్కని మెచ్చుకున్నాడు.

ఫిబ్రవరిలో ఓ పొద్దున
రేకుల కప్పుకున్న చిల్లులోంచి
జానెడు ఎండ దిగి
ఊరగాయల బల్ల మీద నిలబడింది.
దాంతోపాటు నలభై నిమిషాలు నేనూ నిలబడ్డాను,
వెలుగుని పట్టుకో, మనిషి తనే వస్తుందని
అదీ ఒక పాఠమే కనుక.

వచ్చింది లామారా.
మోచేతుల దాకా ఉప్పునీళ్లు,
వేళ్ల సందుల్లో బీట్‌రూట్ ఎరుపెక్కిన క్యాబేజీ.
నొక్కాను.
ఆ చప్పుడుకి బజారంతా తిరిగి చూసిందనుకున్నాను.
తిరిగింది ఆవిడ ఒక్కతే.

"ఏం తీశావు?"

పైకప్పు మీద పావురాన్నని బొంకేదాన్నే.
కెమెరా దించాను. కళ్లు ఎందుకో దిగలేదు.
"మీ చేతుల్ని."

ఆవిడ వాటిని తిప్పి చూసుకుంది,
అరువు గిన్నెల్ని తిరిగిచ్చే ముందు చూసినట్టు.
"నలభై ఏళ్లుగా ఉప్పులో ఊరినవి.
తీస్తే మొహం కూడా తియ్యి.
ఎవరి చేతులో తెలియొద్దూ?"

ఒక అడుగు. ఇంకొకటి.
బల్ల అంచు పొట్టకి తగిలేదాకా.
ఆవిడ ఊపిరిలో వెల్లుల్లి వాసన.
ఇది మీటరు కూడా ఉండదు, ఫోకస్ పోయిందని తెలుసు,
తెలిసే నొక్కాను.

ఓతార్ భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు.
మొహం మసక. చేతులు ఇంకా మసక.
వెనక, ఎక్కడో, తక్కెడ ముల్లు మాత్రం సూదిలా ఉంది.
"చెడగొట్టావు" అన్నాడు. తర్వాత,
"ఇన్నాళ్లకి దగ్గరికెళ్లి చెడగొట్టావు."

శనివారం ప్రింటు పట్టుకెళ్లాను.
లామారా చేతులు తడి.
"ఏప్రాన్ జేబులో పెట్టెయ్" అంది,
జేబు నా వైపుకి తిప్పి.