సిరోంచల పదకొండు సెకన్లు

మైకు వద్దన్న.
మైకు పెడితె రేకుల మీది వాన పడ్తది,
బస్టాండుల అహేరి బండి హారన్ పడ్తది,
నా జెరాక్స్ మిషను దగ్గు గూడ పడ్తది.

"మరి మైకు లేకుంట పెట్టె ఎట్ల వింటది?"
ఓదెలు తాత ముడుసుకొని కూసున్నడు,
తలపాగల మడిసి తెచ్చిన పెన్‌డ్రైవ్ నా ముందట పెట్టి.
మనుమరాలి కాడ అడుక్కొచ్చిందట.
దాంట్ల అప్పటికే ఎవలదో పెండ్లి ఉన్నది.

వినదు తాతా, తాగుతది.
నీళ్ళు నల్లా దాకా రాకముందే
పైపుకు బొక్క గొట్టి బిందె పెట్టినట్టు,
స్పీకర్ల దాకా పోకముందే
సౌండ్ కార్డుల్నే పట్టుకుంటం.

స్టీరియో మిక్స్ అనేది
కంప్యూటర్ల ఎవలకు కనపడకుంట దాసి ఉంటది.
రైట్ క్లిక్ కొట్టి, మూలకు పడ్డయి గూడ సూపియ్యమంటె
బూడిద రంగుల, వాడ చివరి ఇంటోని లెక్క
మెల్లగ తలుపు తీస్తది.

తొమ్మిదికి, అవతలి ఒడ్డు పోరలు నడిపే నెట్ రేడియో.
ఒక్కసారే ఏస్తరట. దించుకునే బటన్ లేదు.
ఇరవై ఆరేండ్ల కింద కొంరయ్య చెప్పిన కథ,
మహదేవపూర్ల ఎవలో క్యాసెట్ల పట్టింది.
కొంరయ్య లేడు. ఆ క్యాసెట్ గూడ అరిగిపోయిందట.
"డోలు నాది," అన్నడు తాత.
కొంచెం ఆగి,
"పేరు సెప్పరు గని, డోలు నాది."

మొదలైంది.
తెర మీద పచ్చ కడ్డీ లేచి, పసుపు దాటి
ఎర్రకు పోతుంటె నేను కొంచెం తగ్గించిన.
తాత నా చెయ్యి దిక్కు సూసిండు,
పందిట్ల ఎవలో తనను ఎనుకకు జరుగుమన్నట్టు.

సరిగ్గ గొర్లు వాగు దిగే జాగల నెట్ పోయింది.
మా సిగ్నల్ ఎన్నడు మాది కాదు,
ప్రాణహిత అవతలి టవర్‌ది.
వాన ఎక్కువైతె నది ఇంకింత వెడల్పైతది.
తెర మీద చక్రం తిరుగుతున్నది. గీత చదునైంది.
రికార్డింగ్ మాత్రం ఆగలె,
ఏం లేని దాన్ని గూడ నిమ్మళంగ ఎక్కించుకుంటున్నది.

తాత నన్ను అడగలె.
సాత్‌బారా కాగితాల కట్ట పక్కకు నూకి
టేబుల్ మీద పడ్డడు.
ఎడమది అరచెయ్యి, కుడిది వేళ్ళు.
మౌస్ ఎగిరింది. స్టాంప్ ప్యాడ్ మూత కింద పడ్డది.
ఆధార్ల పుట్టిన తారీకు దిద్దించుకోను వచ్చిన మారుబాయి
కుర్చీల నిటారుగ అయ్యింది.
గొర్లు వాగు దిగినయి.
మోకాలు లోతు. నడుము లోతు.
ఒక పిల్ల కొట్టుకపోయింది,
దొరికింది.

సిగ్నల్ వచ్చింది.
రేడియోల కథ మాకోసం ఆగలె, నడుస్తనే ఉన్నది,
మందంత ఒడ్డెక్కుతున్నది.
తాత చెయ్యి గూడ ఆడ్నే ఉన్నది.
అప్పటి దెబ్బ, ఇప్పటి దెబ్బ
ఒక్క తీర్గ పడ్డయి.
నేను తెర దిక్కు సూసిన:
ఒక్కదానికే గీత లేచింది.

మైకు వద్దన్నది నేనే.

కథ అయినంక రేడియో పోరడు
కొంరయ్య పేరు సెప్పిండు, ఊరు సెప్పిండు,
పైసలిచ్చిన ఎరువుల దుకాణం పేరు రెండుసార్లు సెప్పిండు.
తాత దస్తి తీసి వేళ్ళు తుడుసుకున్నడు.

"నడుమ పదకొండు సెకన్లు ఖాళీ ఉన్నది,
కోసెయ్యాల్నా?" అన్న.
"నువ్వు కొట్టింది దాంట్ల పడలె."
ఇది కీబోర్డు దిక్కు సూసుకుంట అన్న.

జెరసేపు వాన విన్నడు.
"కోస్తె గొర్లు అటు దుంకినట్టయితది.
వాగన్నంక దాటే ఎడం ఉండాలె.
ఉండనియ్ బిడ్డా.
నేనుంట గద ఆడ."

నలభై రెండు నిమిషాలు, పెండ్లి పక్కనే ఎక్కించిన.
వద్దన్నా ముప్పై రూపాయలు పెట్టిండు,
తన డోలుకు తానే.

ఒక కాపీ నా కాడ ఉంచుకున్న, ఆయనకు సెప్పలె.
ఫారాలు నింపుకుంట పెడుతుంట.
గొర్లు వాగు కాడికి రాంగనే
స్టాంప్ ప్యాడ్ మూత గట్టిగ పెట్టుకుంట.