ఎనిమిది మందికి మాత్రమే

బళ్లారి నుంచి అనంతపురానికి
బస్సులో రెండున్నర గంటలు.
అవే చెనిక్కాయ చేలు, అదే ఎర్రమట్టి,
నా పక్క సీట్లో అదే ఎండ,
టికెట్టు లేకుండా.
విడపనకల్లు దగ్గర ఎవరో ఆవులిస్తా
"రాష్ట్రం మారింది" అన్నారు.
తల బయటపెట్టి చూసినా.
మేకలేం మారలేదు.

మారింది నా కాయితం.
పదకొండేండ్లు కౌల్ బజార్ సందులో
ఎంతమంది బిడ్డల ముక్కులు తుడిచిందో ఈ చెయ్యి,
ఈడ దానికి గడి లేదు.
"అనుభవం" అన్న చోట
గుమాస్తా శేషఫణి కండ్లద్దాలు పైకి తోసి
"అది కర్ణాటకది కదమ్మా" అని
సున్నా చుట్టినాడు.
బొట్టుబిళ్లంత సున్నా.
మంచి దస్తూరి, కాదనను.

సాయినగర్‌లో అద్దె ఇల్లు.
"పిల్లోల్లంటే గోడల నిండా గీతలు" అన్నాడు ఇంటాయప్ప.
"సున్నం నేనే కొట్టిస్తా" అన్నా.
"ఏడుపులు?"
దానికి సున్నం లేదు.
నెల బాడిగ ఎక్కువ ఒప్పుకున్నా.

తనిఖీకి వచ్చిన మేడం
టేపు తీసి
కిటికీ ఊచల మధ్య సందు కొలిచింది,
గేటు ఊచల మధ్య సందు కొలిచింది,
సంపు మూతకు తాళం లాగి చూసింది,
మంటలార్పే ఎర్ర సిలిండరు గడువు తేదీ,
మా ఆయన మీద కేసుల్లేవని పోలీసు కాయితం,
నా వేలి గోర్లు.
పోతా పోతా గడప మీద నిలబడి
ఫారంలో లేనిదొకటి అడిగింది:
"ఏడుపు ఆపని బిడ్డను ఏం చేస్తావు?"
"ఏం చెయ్యను. పక్కన కూర్చుంటా.
ఏడుపుకే ఆకలయ్యేదాకా."
అది రాసుకోలేదు.
టేపు టప్పున లోపలికి పోయింది.

మూడో తూరికి కాయితం వచ్చింది.
అద్దం కట్టించి, మేకు కొట్టి తగిలిస్తే
దూరానికి ఒక్క వరసే కనపడుతుంది:
ఎనిమిది మందికి మాత్రమే.

ఎనిమిది నిండడానికి నాలుగు వారాలు పట్టలేదు.
నర్సు షంషాద్ కూతురు, చెప్పు విడవదు.
జోయెల్, గోడకున్న పెచ్చులు తింటాడు.
కవలలు తిప్పేసు, ఓబులేసు,
ఒకడికి దెబ్బ తగిలితే ఇంకొకడు ఏడుస్తాడు.
మధ్యాన్నం మెత్తటి బియ్యం, కందిపప్పు,
నీళ్లొచ్చే రోజు మాత్రం స్నానాలు.
మరిచిపోయి నేను "బేడ, బేడ" అంటాను,
పెచ్చు నోట్లో పెట్టబోతే.
నెలకంతా షంషాద్ అడిగింది:
"హంపక్కా, అన్నం పెడితే మా పాప
బేడ అంటాంది, ఏం నేర్పించినావు?"
సున్నా నేర్పించినా అందామనుకున్నా.

సుంకమ్మ కండక్టరు.
కళ్యాణదుర్గం తొలి బస్సు ఆమెది.
ఇంకా తెల్లారకముందే గేటు దగ్గర,
ఒక భుజాన టికెట్ల మిషను, ఒక చంకన బిడ్డ.
"ఎనిమిది నిండినాయి సుంకమ్మా."
అద్దంలో కాయితం చూసింది, చదివింది.
"మా బస్సులో యాభై సీట్లని రాసుంటుందక్కా.
తొంభై మందిని నిలబెట్టుకోని పోతా.
నా బిడ్డను గూడా నిలబడనీ ఒక మూల."
బిడ్డకింకా నిలబడ్డం రాదు.

గేటేసినా.
చట్టం నా తట్టే ఉంది.
ఆ మధ్యాన్నం ఎనిమిది మందీ నిద్రపోయినారు,
నేను తప్ప.

బుధవారం ఫోను. జోయెల్‌కు అమ్మవారు పోసింది.
"అయ్యో" అన్నా,
ఆ నోటితోనే సుంకమ్మకు ఫోను చేసినా.
జోయెల్ దుప్పటి ఉడకబెట్టి ఎండకేసి
చాప కొత్తది పరిచినా.
బిడ్డ పేరు చౌడేశ్వరి. వచ్చినంతసేపూ
నా కొంగు కొస నమిలింది.

నిన్న జోయెల్ వచ్చినాడు,
మచ్చలు లెక్కబెట్టి చూపిస్తా.
పది దాకా వచ్చు వానికి.
నాకు ఎనిమిది దాకే.

రాత్రి దరఖాస్తు రాసినా,
ఇంకో ఇద్దరికి అనుమతి ఇప్పించమని.
"అనుభవం" అన్న చోట పెన్ను ఆగింది.
పదకొండేండ్లు రాయలేదు.
నాలుగు నెలల ఆరు రోజులు అని రాసినా,
ఆ ఆరు రోజులు గట్టిగా వత్తి.

ఇప్పుడింకా చీకటే.
గేటు బయట సుంకమ్మ ఏం అడగలేదు,
బిడ్డను కిందికి దించింది, అంతే.
ఊచ పట్టుకోని నిలబడింది చౌడేశ్వరి,
మొదటిసారి.
మేడం కొలిచిన సందే అది,
తల పట్టదు.
చెయ్యి పడుతుంది.