కాహింకి

గుణుపురం, స్టేషను రోడ్డు.
పంపు మోటార్లు చుట్టే కొట్టు నాది,
అడ్డం ఏడడుగులు, వార్నీషు వాసన ఉచితం.
వంశధార సన్నగిల్లితే నాకు పని.
కాలినవన్నీ నా గుమ్మంలోకే.

ఆషాఢంలో వచ్చింది సులోమి గొమాంగ్,
కొండ మీది సవర పిల్ల,
ఐటీఐ మధ్యలో మానేసింది.
రాగి తీగ ఒళ్లో పెట్టి చూపించేను:
రన్నింగుకి లావుది,
స్టార్టింగుకి సన్నది.

"కాహింకి?" అంది. ఎందుకని.
"అంతే" అన్నాను.

ఆ మాట నాది కాదు.
బొబ్బిలిలో మా మేస్త్రీ పైడయ్య
కొయ్య సుత్తితో వేళ్ల మీద కొట్టి మరీ
నాకు అప్పగించిన మాట.
ఆయనకెవరిచ్చారో.
ముప్పయ్యేళ్లు దాన్ని తీగతో పాటే చుట్టేను,
ఏ మోటారూ తిరగబడి అడగలేదు.

ఆ రాత్రి అన్నం సయించలేదు.
కూరలో ఉప్పెక్కువైందేమోనని మా ఆవిడ రుచి చూసింది.
పదిన్నరకి షట్టరెత్తి
చచ్చిన మోటారొకటి ఇప్పేను,
బాగుచెయ్యడానికి కాదు.

సన్న తీగే మాడింది. లావుది రంగైనా మారలేదు.
చివర స్విచ్చు చూస్తే
తుప్పు పట్టి అంటుకుపోయి ఉంది.
ఒక్క తోపు తోసి తప్పుకోవలసింది
తప్పుకోలేక కాలిపోయింది.
రెండు క్షణాల పనికి లావెందుకు?

స్విచ్చూ తెలుసు నాకు, తీగా తెలుసు,
వాటికి చుట్టరికమని తెలీదు.

ఎన్నిటికి స్విచ్చు తుడవకుండా
కొత్త తీగ చుట్టి పంపేనో!
నెలకే మళ్లీ మోసుకొచ్చిన పదంపూర్ రైతుని
"వాడకం రాదు నీకు" అని కసిరేను కూడా.
రెండోసారీ డబ్బు తీసుకున్నాను.

పొద్దున్న పిల్లకి చెప్పేను,
సగం తెలుగు, సగం ఒడియా, మిగతాది చేతులతో.
చెబుతుంటే మధ్యలో నాకే ఇంకో సందేహం తగిలి
నోరు ఆగిపోయింది.
పిల్ల ఆగలేదు.
మరో కాహింకి వేసింది.

ఇదివరకు రోజుకి నాలుగు మోటార్లు.
ఇప్పుడు రెండు. గిరాకీలు గొణుగుతున్నారు.
"ముసలాడికి చెయ్యి పడిపోయింది" అని ఎదురు టీకొట్టులో మాట.

నిన్న సులోమి
తనొక్కర్తీ చుట్టిన మోటారు బల్ల మీద పెట్టి
కరెంటిచ్చింది.
గుర్రుమంది. లేచింది.
టక్.

స్విచ్చు విడిన చప్పుడు.
ముప్పయ్యేళ్లుగా చెవిలో పడుతున్నదే.
నిన్న విన్నాను.

"కాహింకి నవ్వుతున్నావు, మాస్టరే?"

"అంతే" అన్నాను.