తీర్మానం నంబరు మూడు

సభ ఎట్లా జరిగిందో
సభకు ముందురాత్రే రాసిపెట్టుకున్నాను
హన్మకొండ కిరాయి గదిలో:
"గ్రామస్తుల సమ్మతి ఏకగ్రీవంగా తెలుపబడినది."
పదకొండేళ్ల నౌకరీ నేర్పిన వ్యాకరణం.
ఎవరు తెలిపారని
ఎవరూ అడగక్కర్లేని క్రియ.

చలివాగు అవతల, బడి ముందర షామియానా.
నాలుగు వరసల రోడ్డుకు నూటపన్నెండెకరాలు.
పట్టాదారులు కుర్చీల్లో.
సారు నీళ్ల సీసా మూత తిప్పుతూ, మూస్తూ.
మిర్చి ఏరి అటునుంచటే వచ్చిన ఆడవాళ్లు
వెనక, ఎండలో,
చేతులు కళ్లకు దూరంగా పట్టుకొని.

చదివాను. చప్పట్ల కోసం ఆగాను.

"ఇంకోపాలి సదువు సారూ."
దామెర మొగిలమ్మ.
చదివాను.
"అందరంటే ఎందరు?"
"పట్టా ఉన్నోళ్లు. నలభై ఒక్కరు."
"మరి డప్పు మా వాడల గూడ ఎందుకు కొట్టిండ్రు?"

ఎవరో నవ్వారు. ఆమె నవ్వలేదు.

"నా పేర గుంట జాగ లేదు, నిజమే.
కని ఆ సెల్కల ఏ మూలకు నీళ్లు నిలుస్తయో
ముత్తిరెడ్డి పటేల్‌ను అడుగు, చెప్తడా?
ఆయనకు పైసలొస్తయి. రానీ, నాకేం కడుపుమంట లేదు.
నాకు ఏడాదికి నూటయాభై రోజుల కూలి పోతది.
అది ఏ కాయితంల రాసినవ్?"

ముత్తిరెడ్డి తన చెప్పులకేసి చూసుకున్నాడు.

నాకు తెలుసు.
భూమి లేకున్నా, మూడేళ్లుగా ఆ భూమి మీదే బతికినవాళ్లు
నష్టపోయినవాళ్ల లెక్కలోకే వస్తారని చట్టంలో ఉంది.
డిపార్టుమెంటు పరీక్షలో రాశాను కూడా.
రెండు మార్కులు.

సారు నా చెవిలో "రాస్కో, తర్వాత చూద్దాం" అన్నాడు.
"ఏకగ్రీవంగా" కొట్టేశాను.
"తెలుపబడినది"లో ఆమె పేరు ఎక్కడా ఇమడలేదు.
దాన్నీ కొట్టేసి
కొత్త లైను మొదలుపెట్టాను:
దామెర మొగిలమ్మ అడిగింది.

చదివించుకుంది.
"నూటయాభై" దగ్గర ఆపి, మళ్లీ చదివించుకుంది.
అప్పుడు వేలిముద్ర వేసింది.
ఆమె వెనక ఇరవై మూడు మంది.
కూలోళ్ల లెక్క తీసి
పద్నాలుగో తారీఖున మళ్లీ సభ అన్నాడు సారు,
జీపు ఎక్కుతూ, ఎవరి ముఖమూ చూడకుండా.

పరకాల బస్టాండులో
పుస్తకం తెరిచి ఆ పేజీ తడిమాను.
ఆవులింత వచ్చి కళ్లు నులుముకున్నాను.

మంట.

నల్లా కింద ముఖం పెట్టాను.
హన్మకొండ బస్సు ఒకటి వెళ్లిపోయింది,
ఇంకోటి కూడా.